సామాన్య శాస్తి

దేవుడి ముందు దీపం పెట్టి, మనసులో ఒకరికి చెడు జరగాలని కోరుకుంటే ఆ దీపం దేవుడికి చెందుతుందా, ఆ కోరికకు చెందుతుందా? ఈ సందేహం నాకు పన్నెండేళ్ళ వయసులో వచ్చింది. ఇప్పుడు యాభై ఏడు. ఇన్నేళ్ళలో దీపం పెట్టడం ఒక్కరోజు కూడా మానలేదు, సందేహమూ తీరలేదు. ఎవరినైనా పెద్దవాళ్ళను అడగొచ్చు. అడిగితే, ఎవరికమ్మా చెడు కోరావు అంటారు. అప్పుడు మా అక్క పేరు చెప్పాల్సి వస్తుంది.

సొంత అక్క కాదు, పెద్దమ్మ కూతురు. నాకంటే పదకొండు నెలలు పెద్దది. ఇద్దరం ఒకే బడి, ఒకే తరగతి, ఒకే ఇల్లు. ఇల్లు పెద్దమ్మ వాళ్ళది. ముందు గదుల్లో వాళ్ళు, వెనక రెండు గదుల్లో మేము ఉండేవాళ్ళం. మా అమ్మ నన్ను ఏ విషయంలో మందలించినా ఆఖరికి ఒక్కచోటికే వచ్చి ఆగేది. మనం వెనక గదుల వాళ్ళం, అది గుర్తుంచుకో, అనేది.

మా నాన్న ప్రెస్సులో పుస్తకాలు బైండింగు చేసేవాడు. బడి తెరిచే ముందు ఆదివారం ఆయనకు సెలవు. ఆ రోజు మా ఇంట్లో అట్టలు వేసే రోజు. ప్రెస్సులో పక్కన పడేసిన బ్రౌను పేపరు చుట్టలు చుట్టి తెచ్చేవాడు. అమ్మ పొయ్యి మీద మైదా జిగురు కాచేది. వెనక గదిలో చాప పరిచి, నాన్న ఒక కొసన, నేను ఒక కొసన కూర్చునేవాళ్ళం. అట్ట మడత పుస్తకం మూసి ఉన్నప్పుడే బిగించాలి, తెరిచి బిగించావంటే మూసేసరికి చిరుగుతుంది అని ఆయన ప్రతి ఏడూ చెప్పేవాడు. వీపు దగ్గర పైనా కిందా కత్తెరతో చిన్న గంటు పెట్టి, ఆ ముక్కను లోపలికి తోసేవాడు. ఆయన వేసిన అట్ట ఏడాది చివర కూడా కొత్త పెళ్ళికొడుకులా బిగుసుకుని ఉండేది.

అట్ట వేయడం నాన్న పని. ఆ తర్వాతదంతా నాది. లేబుళ్ళు కొనేవాళ్ళం కాదు, తెల్ల కాగితం కత్తిరించి నేనే చేసేదాన్ని. చుట్టూ ఆకుల తీగ వేసేదాన్ని. ఒక్కో పుస్తకానికి ఒక్కో రకం ఆకు. లెక్కల పుస్తకం మొదటి పేజీలో వృత్తలేఖినితో ఆరు రేకుల పువ్వు, చరిత్ర పుస్తకంలో కోట, సామాన్య శాస్త్రం పుస్తకంలో నిలువుగా కోసిన మందారం. ప్రతి తీగలోనూ ఎక్కడో ఒక ఆకు చాటున చిన్న నత్త ఉండేది. నేను ఏ పని చేసినా నెమ్మదిగా చేస్తానని నాన్న నన్ను నత్తమ్మా అని పిలిచేవాడు. అందుకని ఆ నత్త.

నావి అయ్యాక అక్క పుస్తకాలు వెనక గదికి వచ్చేవి. నిజానికి అక్కవే ముందు వచ్చేవి. దాని చెయ్యి కాకి కాళ్ళు, నీ చేతిలో ఏదో ఉంది, కాస్త వేసిపెట్టు అని పెద్దమ్మ నవ్వుతూ అనేది. నవ్వుతూ అన్నా అది అడగడం కాదని మా అమ్మకు తెలుసు. మూడో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ప్రతి ఏడూ అక్క పుస్తకాలకు తీగలు వేశాను, పువ్వులు వేశాను, కోటలు కట్టాను. అక్క పక్కన కూర్చుని రంగు పెన్సిళ్ళు చెక్కి ఇచ్చేది. అప్పట్లో మా మధ్య ఏమీ లేదు. ఆ చెక్కిన పొట్టును చూసి, పువ్వులా లేదూ అనుకుని ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఏడో తరగతిలో కొత్తగా డ్రాయింగు మాస్టారు వచ్చాడు. ఆదివారాలు తన ఇంట్లో ఒకే ఒక్క పిల్లకు బొమ్మలు నేర్పుతానన్నాడు. దానికి పరీక్ష పెట్టలేదు. పరీక్షలో అందరూ శ్రద్ధగానే వేస్తారు, ఎవరూ అడగనప్పుడు ఎవరు వేశారో చూడాలి అని చెప్పి, అందరి నోటు పుస్తకాలూ తెచ్చి బల్ల మీద పెట్టమన్నాడు.

అక్క పేరు హాజరు పట్టీలో ముందుంది. ఆమె పుస్తకాలు ముందు చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నావి వచ్చాయి. ఒక్కసారి పేజీ తిప్పి, అదే తీగ, అదే నత్త కనిపించేసరికి ముఖం మారింది. ఎవరిది చూసి ఎవరు వేశారని అడిగాడు. రెండూ నేనే వేశానండీ అన్నాను. ఆయన అక్క వైపు తిరిగాడు.

అక్క లేచి నిలబడింది. నా వైపు చూడలేదు.

"నావి నేనే వేసుకున్నాను సార్. చెల్లి నా దగ్గర చూసి వేస్తుంది."

ఆ నత్త ఎందుకు వేశావమ్మా అని అడిగాడు మాస్టారు. బావుంటుందని, అంది.

దొంగతనం కంటే దొంగ మాట పెద్ద తప్పని ఆయన క్లాసుకంతా పాఠం చెప్పాడు. తర్వాత నా ఏడు పుస్తకాల అట్టలూ ఒక్కొక్కటే ఊడదీశాడు. చింపలేదు, ఊడదీశాడు. నాన్న మడతలు అంత గట్టివి, చింపడానికి లొంగలేదు. అట్టలతోపాటు లేబుళ్ళు పోయాయి. మొదటి పేజీలు మాత్రం బ్లేడుతో కోశాడు. మిగిలిన సగం రోజు బెంచీ మీద నిలబడ్డాను. ఆదివారం క్లాసు అక్కకు వచ్చింది.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. అమ్మ నా నోటి మీద చెయ్యి పెట్టింది. పెద్దమ్మ గదిలోకి వినబడుతుందని. నాన్న జిగురు కాచమన్నాడు. ఏడు పుస్తకాలకూ మళ్ళీ అట్టలు వేశాడు. బొమ్మలు వెయ్యమని మాత్రం అనలేదు, నేనూ వెయ్యలేదు. ఆ రోజు సాయంత్రం దీపం పెట్టినప్పుడు దేవుడితో చెప్పాను. ఆమెకు జరగాలి, అందరిముందూ జరగాలి, నా కళ్ళముందు జరగాలి. పన్నెండేళ్ళ పిల్లకు కోరిక కోరడం కూడా ఎంత పద్ధతిగా వస్తుందో చూడండి.

దేవుడు ఏడాది ఆగాడు. లేక నేను ఆగానో.

ఎనిమిదో తరగతి మొదలయ్యేనాటికి అక్క ఏడాది పాటు ఆదివారాలు నేర్చుకుని తన బొమ్మలు తానే వేసుకోవడం మొదలుపెట్టింది. బాగానే వేసేది. అది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అబద్ధంతో మొదలైన చదువు చదువు కాకుండా పోతుందా? పోతే బావుండేది. కానీ అక్షరాలు మాత్రం అలాగే కాకి కాళ్ళుగా ఉండేవి. లేబుళ్ళ మీద పేర్లు చెల్లితో రాయించుకో అని పెద్దమ్మ పుస్తకాలు పంపింది. అమ్మ భయపడుతూ నా ముఖం చూసింది. నేను సంతోషంగా తీసుకున్నాను.

సాంఘిక శాస్త్రం సరిగ్గానే రాశాను. లెక్కలు, భాషలు సరిగ్గానే రాశాను. సామాన్య శాస్త్రం దగ్గర మాత్రం క్రావడి తీసేశాను, సున్నా తీసేశాను, పైన ఒక గుడి పెట్టాను. సామాన్య శాస్తి. అక్షరాల చుట్టూ తీగ చుట్టాను, ఆకులు పెట్టాను. దూరం నుంచి చూస్తే ఏదో పూలచెండులా కనబడుతుంది, దగ్గరగా చదివితేనే తెలుస్తుంది. బడికి బయల్దేరే వేళకు చేతిలో పెట్టాను. అక్క చదవలేదు. నేను రాసింది తప్పుంటుందని ఎవరూ అనుకునేవారు కాదు.

సైన్సు మాస్టారు హాస్యం మనిషి. మొదటి రోజే పుస్తకాలు చూశాడు. అక్క పుస్తకం పైకెత్తి క్లాసంతటికీ చూపించాడు.

"సామాన్య శాస్తి. ఇది సామాన్యమైన శాస్తి కాదర్రా. ఎవరికమ్మా శాస్తి? నాకా?"

క్లాసు పగలబడి నవ్వింది. నవ్వులు ఆగాక, ఎవరు రాశారని అడిగాడు. అప్పుడు అక్క తల తిప్పి నన్ను చూసింది. నేను నల్లబల్ల వైపు చూశాను. చెల్లి రాసింది అన్న ఒక్క మాట అంటే ఆమె తప్పించుకోవచ్చు. కానీ ఆ మాట అంటే, మరి నిరుడు రాసిందెవరు అని ఎవరైనా అడుగుతారు. నేను ఆ ఉచ్చు ఏడాది పొడుగునా అల్లాను. అటు తప్పుకుంటే నిజం, ఇటు తప్పుకుంటే శాస్తి.

నేనే సార్, అంది అక్క.

వంద సార్లు ఇంపోజిషన్ రాయించాడు. అది పోయింది. పేరు పోలేదు. ఆ రోజు నుంచి బడి వదిలే దాకా ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. శాస్తి వచ్చింది, శాస్తి కూర్చుంది, శాస్తిని అడుగు. పెద్దమ్మకు కూడా ఆ పేరు తెలిసిపోయి ఒకసారి కోపంలో తనే పిలిచింది.

నేను వారం రోజులు హాయిగా నిద్రపోయాను. ఎనిమిదో రోజున ఒక సంగతి తట్టింది. ఆమె నా పేరు చెప్పడం కంటే ఆ పేరు మోయడమే నయమనుకుంది. అంటే నాకు రావలసింది ఇంకా రాలేదు. శాస్తి జరిగింది గానీ, బాకీ అలాగే ఉంది. నాకు కావలసింది ఒక్క వాక్యం. ఆ బొమ్మలు చెల్లి వేసింది. అంతే. అది ఆమె నోటి నుంచి, పదిమంది ముందు రావాలి.

తర్వాత ఇద్దరికీ పెళ్ళిళ్ళయ్యాయి. నాది పుస్తకాల కొట్టు ఇల్లు. మా ఆయన కొట్టు బడి ఎదురుగానే ఉంది. బడి తెరిచే రోజుల్లో జనం పుస్తకాలు కొని అక్కడే అట్టలు వేయించుకుంటారు, ఆ పని నాది. నాన్న మడత, నాన్న గంటు. బొమ్మలు వెయ్యను. ఎవరైనా పిల్లలు ఒక పువ్వు వెయ్యండి ఆంటీ అంటే, నాకు రాదమ్మా అంటాను. అక్క డ్రాయింగు టీచరైంది. ఎక్కడెక్కడో పనిచేసి పదకొండేళ్ళ కిందట మా కొట్టు ఎదుటి బడికే బదిలీ మీద వచ్చింది. రోజూ కనబడేది. బావున్నావా చెల్లీ అనేది. బావున్నానక్కా అనేదాన్ని. డ్రాయింగు షీట్లు మా దగ్గరే కొనేది. మంచివే ఏరి ఇచ్చేదాన్ని, సరుకులో పగ చూపించే అలవాటు నాకు లేదు. ఆమె అటు తిరిగాక మాత్రం, మనసులో ప్రతిసారీ ఆ పేరుతోనే పిలిచేదాన్ని.

ఈ ఏడు అక్క రిటైరవుతోంది. హెడ్మిస్ట్రెస్ కొట్టుకు వచ్చి వీడ్కోలు సభ గురించి చెప్పింది. మీరు చెల్లెలట కదా, చిన్ననాటి ముచ్చట్లు రెండు చెప్పండి, పిల్లలు సంతోషిస్తారు, అంది. ఆవిడ మాట పూర్తి కాకముందే ఒప్పుకున్నాను.

పది రోజులుంది. అంట్లు తోముతూ చెప్పుకున్నాను, బట్టలు ఆరేస్తూ చెప్పుకున్నాను. ఎక్కడ ఆగాలి, ఎక్కడ ఆమె ముఖం చూడాలి, అన్నీ అనుకున్నాను. మా ఆయన రెండు రోజులు విని, మూడో రోజు పేపరు దించాడు.

"నువ్వెళ్ళేది సన్మానానికా, సాక్ష్యానికా?"

"రెండూ ఒకటే," అన్నాను.

"ముసలితనంలో ఆవిడ పరువు తీసి ఏం చేసుకుంటావే?"

"అట్ట వేసుకుంటాను," అన్నాను. ఆయన మళ్ళీ పేపరు ఎత్తేశాడు.

ఆ పది రోజులూ దీపం దగ్గర నేను దేవుడిని ఏమీ అడగలేదు. నేను చేయబోయేది ఇదీ అని చెప్పాను. అడగడం వేరు, చెప్పడం వేరు కదా. ఆయన వద్దనలేదు. అవునని కూడా అనలేదు.

సభ బడి హాల్లో పెట్టారు. గోడ నుంచి గోడకు తాడు కట్టి పిల్లల బొమ్మలు క్లిప్పులతో వేలాడదీశారు. ప్లాస్టిక్ కుర్చీలు, కీచుమనే మైకు. అక్క వేదిక మీద పూలగుత్తి పట్టుకుని కూర్చుంది. ముగ్గురు మాట్లాడారు. మేడమ్ గారిది పుట్టుకతో వచ్చిన కళ అన్నాడొకాయన. తర్వాత నన్ను పిలిచారు.

చెప్పాను. ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. వెనక గది, తీగలు, నత్త, డ్రాయింగు మాస్టారు, బల్ల మీద పుస్తకాలు. మీ మేడమ్ లేచి, నేనే వేశాను సార్ అంది అన్నాను. ఆ బొమ్మలు నేను వేసినవి అన్నాను. నా అట్టలు ఊడదీశారు అన్నాను. అక్కడ ఆగి, అనుకున్నట్టే ఆమె ముఖం చూశాను.

హాలంతా నవ్వింది.

పిల్లలు చప్పట్లు కొట్టారు. ముందు వరసలో టీచర్లు ఒకరి భుజం మీద ఒకరు వాలి నవ్వుతున్నారు. అక్కచెల్లెళ్ళ అల్లరి అనుకున్నారు. ఆగకుండా శాస్తి సంగతి కూడా చెప్పాను. అది నేను కావాలనే రాశానని, పగతోనే రాశానని, ఆమెను బడంతా ఆ పేరుతో పిలిచారని గట్టిగా చెప్పాను. ఇంకా నవ్వారు. వెనక నుంచి ఎవరో పిల్ల, శాస్తి మేడమ్ అంది, మళ్ళీ నవ్వులు. నలభై ఐదేళ్ళు ఒళ్ళో దాచుకున్న నిప్పు తెచ్చి వాళ్ళముందు పోస్తే, హాయిగా చలి కాచుకున్నారు.

మేడమ్ గారి చెల్లెలు ఎంత సరదా మనిషో చూశారా అంటూ హెడ్మిస్ట్రెస్ నా చేతిలోంచి మైకు తీసుకుంది. వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఇంతకంటే పెద్ద ఓటమి ఉంటుందా? నిజం చెప్పి కూడా ఓడిపోయాను. ఇప్పుడిక ఆమె చేయాల్సిందేమీ లేదు. అందరితోపాటు నవ్వేస్తే చాలు. నవ్వితే అది సరదా కథ అవుతుంది. సరదా కథకు బాకీ ఉండదు. నేను చచ్చేదాకా ఆ హాలు మొత్తం నన్ను చూసి నవ్వుతూనే ఉంటుంది.

అక్క నవ్వడం లేదు. తల తిప్పి నన్ను చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. ఈసారి నేను చూపు తిప్పుకోలేదు. కళ్ళలోకి చూశాను. చూడనీ అనుకున్నాను.

జవాబు చెప్పడానికి అక్క లేచింది. పూలగుత్తి కుర్చీలో పెట్టింది. మైకు కీచుమంది. అందరికీ నమస్కారాలు చెప్పలేదు, ధన్యవాదాలు చెప్పలేదు.

"మా చెల్లి సరదాకి చెప్పలేదు," అంది.

నవ్వులు ఒక్కసారి ఆగలేదు. ఇక్కడొకటి, అక్కడొకటి, తగ్గుతూ వచ్చాయి.

"ఆ బొమ్మలు మా చెల్లి వేసింది. నేను వెయ్యలేదు. మాస్టారు అడిగితే అబద్ధం చెప్పాను. దాని అట్టలు ఊడదీస్తుంటే చూస్తూ కూర్చున్నాను. ఆ ఆదివారం క్లాసు దానిది. నేను వెళ్ళాను. ఆ క్లాసు వల్లే ఈ ఉద్యోగం వచ్చింది."

అక్క మైకు ఇంకా దగ్గరికి జరుపుకుంది.

"ఇక శాస్తి అంటారా. అది కావాలనే రాసిందని నాకు ఆ రోజే తెలుసు. ఒక ఒత్తు జారితే పొరపాటు. ఒత్తు జారి, సున్నా జారి, పైన గుడి కూడా వచ్చిందంటే అది చేతి తప్పు కాదు. అయినా క్రావడి మర్చిపోయే చెయ్యి కాదు దానిది. అది రాసిందని చెబితే నా అబద్ధం బయటపడేది. అందుకే నేనే అన్నాను. అంటే రెండుసార్లు చెప్పాను అబద్ధం. ఇన్నాళ్ళూ దాని కొట్టు ముందు నుంచే వెళ్ళాను. ప్రతి రోజూ రేపు చెబుదామనుకున్నాను."

ముందు వరసలో కింద కూర్చున్న ఒక పిల్ల చెయ్యి ఎత్తింది. క్లాసులో ఎత్తినట్టే ఎత్తింది.

"ఆ మాస్టారు ఇప్పుడున్నారా మేడమ్?"

"లేరమ్మా. ఉండగా చెప్పాల్సింది. ఆయనకు చెప్పలేకపోయాను కాబట్టి మీకు చెబుతున్నాను."

మైకు ఇచ్చేసింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. పుట్టుకతో వచ్చిన కళ అన్నాయన కండువా సర్దుకున్నాడు. హెడ్మిస్ట్రెస్ గొంతు సవరించుకుని, పిల్లలూ వరసలో టిఫిను తీసుకోండి అంది.

అక్క వేదిక దిగి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. ఆమె ముఖం ఎర్రబడింది. ఆ ఎరుపు చూడాలని నేను నలభై ఐదేళ్ళు కోరుకున్నాను. చూశాను. తృప్తిగానే ఉంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ పక్కన కూర్చున్న మనిషి ఊపిరి అంత గట్టిగా వినబడుతుంటే ఆ తృప్తి ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

నా వైపు చూడకుండానే మెల్లగా అంది.

"ఆరో తరగతివి కూడా నువ్వే వేశావు. అది చెప్పడం మర్చిపోయాను."

"ఐదోవి కూడా," అన్నాను.

"ఐదోవి కూడా. నాలుగోవీ, మూడోవీ."

అంటూనే లేచింది. మైకు దగ్గరికి నడవడం మొదలుపెట్టింది. పిల్లలు ప్లేట్లు పట్టుకుని మళ్ళీ అటు తిరిగారు. నేను ఆమెను రెండు అడుగులు వేయనిచ్చాను. మూడో అడుగు దగ్గర చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాను.

"చాల్లే అక్కా. కూర్చో. తీరిపోయింది."